ఎడమ చెవి అభిప్రాయాలు

ఎడమ చెవిలో పాట. కుడి చెవిలో బస్సు.

ఫరీదా ఆపా పోయిన రోజు కూడా అలాగే మొదలైంది.

మాఘమాసపు ఎండ. వనపర్తి దాటగానే రోడ్డుకు రెండు వైపులా పల్లి చేలు. పీకిన చెట్లు వేళ్లు పైకి పెట్టి వరుసగా పడుకున్నాయి. కాయలకు ఎర్రమన్ను ఇంకా తడిగా అంటుకుని ఉంది. ఆ మన్ను వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది — ముందు ఆమె ఒళ్లోకి, తర్వాత నా ఒళ్లోకి.

కిటికీ సీటు ఆమెది. పక్క సీటు నాది. మధ్యలో ఒక ఇయర్‌ఫోన్ల వైరు.

వైరుకు రెండు కొసలు. కుడి కొస ఆమె కుడి చెవిలో. ఎడమ కొస నా ఎడమ చెవిలో. అలా పెట్టుకుంటేనే వైరు సరిపోతుంది. తలలు కొంచెం దగ్గరగా. ఆమె ఎడమ చెవి గాలికి. నా కుడి చెవి బస్సుకు.

ఆమె గాలితో కలిపి పాట వినేది. నేను బస్సుతో కలిపి వినేదాన్ని.

ఆ పొద్దున మేము విన్నవి ఆమె కూతురి పాటలు.

సాయంత్రం బస్సులో నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.

చేలు అక్కడే ఉన్నాయి. మన్ను ఆరిపోయింది.

*

మేము బిజినేపల్లి బడిలో పంతులమ్మలం. ఆమె ఇంగ్లీషు చెప్పేది. నేను తెలుగు చెబుతాను. ఇద్దరి ఇళ్లూ వనపర్తిలోనే. వయసులో ఆమె పెద్ద. కొత్తలో మేడం అని పిలిచాను. తర్వాత ఆపా అన్నాను. అక్క అన్న మాటే అది, వాళ్ల ఇంటి భాషలో.

పాటలు మా దగ్గరికి ఆమె కూతురు షాజియా వల్ల వచ్చాయి.

షాజియా హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఉద్యోగం అయ్యాక స్నేహితులతో కూర్చుని పాటలు కడుతుంది.

"కంపెనీ లేదు, సినిమా లేదు, పాడుమని ఎవ్వలు అడగలే. అయినా పాడుతరట. ఇండీ అంటరట దాన్ని," అని ఆపా నాకు చెప్పింది. ఆ వెంటనే, "అడగకుండ పాడేటోళ్లంటే నాకిష్టమే," అంది.

షాజియా అప్పుడప్పుడూ ఒక ఆల్బమ్ పేరు పంపేది. ఒకసారి ఎవరికీ తెలియని పిల్లలది. ఒకసారి ప్రపంచమంతా ఊగే పెద్ద పాప్ పాటలది. అమ్మీ, ఇది విను.

ఆపాకు ఒక్కతే వినడం చేతకాదు.

"ఒక్కదాన్నే వింటె దాసుకొని తిన్నట్టుంటది శైలూ. పట్టు. ఒక కొస నువ్వు వెట్టుకో."

పట్టాను.

ఆ రోజు నుంచి ఆ కొస నాదే.

వైరు ఆమెది. ఫోను నాది — వైరు పట్టే పాత ఫోను. ఇంట్లో నేను పాటలు వినను. ఇంట్లో చెవులకు వేరే పనులుంటాయి. కుక్కరు. నల్లా. అత్తమ్మ పిలుపు. పాట అంటే బస్సు. బస్సు అంటే ఎడమ చెవి.

ఆపా నియమాలు పెట్టింది. పంతులమ్మ కదా.

ఆల్బమ్‌ను వరుసలో వినాలి. పాటలు దాటెయ్యకూడదు. పోయేటప్పుడు సగం. వచ్చేటప్పుడు సగం. సాయంత్రం వనపర్తి బస్టాండులో దిగేదాకా మంచీ చెడూ చెప్పకూడదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నేను ఆగలేక ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"సగం పేపరు చూసి మార్కులేస్తమా?"

కండక్టరు యాదమ్మకు మేమంటే వేడుక. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు రెండు కొట్టి చేతిలో పెడుతూ మా మధ్య వైరును చూసేది.

"ఏందమ్మా టీచర్లూ... ఒక్క తాడుకు ఇద్దరు గట్టుకున్నరు, దూడల లెక్క? ఒకలు దిగితే ఇంకొకలను గుంజుకపోతది గదా!"

"గుంజితే గుంజనియ్ యాదమ్మా," అనేది ఆపా. "ఇద్దరికి గడ్డి ఒక్కటే."

*

సాయంత్రం. బస్టాండు ముందు చాయ్ బండి. అక్కడ ఆపా తీర్పు చెప్పేది. ప్రోగ్రెస్ కార్డులో రాసే మాటల్లోనే చెప్పేది.

"తెలివైనది. తరగతిలో మాటలు ఎక్కువ."

ఇది ఒక పెద్ద పాప్ గాయని ఆల్బమ్ గురించి. పాటలన్నీ ఆమెను వదిలిపోయిన ఒకే మనిషి మీద. సగం దారికి వచ్చేసరికి నాకు ఆ మనిషి మీద జాలి కలిగింది. ఆ మాట అంటే ఆపాకు చాయ్ పొలమారింది.

"అవును, వాడు చెప్పేది గూడ ఒక్క పాటల పెట్టాల్సుండె," అంది.

"ఆటల్లో ముందుంది."

ఇది కొరియా అమ్మాయిల పాటల గురించి. నాకు నచ్చలేదు. కొత్త స్టీలు గిన్నె లోపలి వైపులా ఉంది అన్నాను. ఎక్కడ చూసినా మెరుపే. వేలికి తగిలే గరుకు ఎక్కడా లేదు. ఆపా ఒప్పుకోలేదు.

"జాతరల రంగులరాట్నం ఎక్కి అర్థమేందని అడుగుతవా? ఎక్కుడు, తిరుగుడు, దిగుడు. కడుపుల తిప్పిందా లేదా? చాలు."

తిప్పింది. ఆ పాట మర్నాడంతా నా కాలి బొటనవేలులో ఉంది. బోర్డు మీద సంధులు రాస్తుంటే వేలు దాని పని అది చేసుకుంది.

"శ్రద్ధ లేదు. తల్లిదండ్రులు వచ్చి కలవవలెను."

ఇది నలుగురు నగరపు కుర్రాళ్ల గురించి. ప్రతి పాటలో ఏదో పగలగొట్టారు.

"నిదానం. నమ్మదగినది."

ఇది 'ఉప్పుగాలి' గురించి. కొచ్చిలో ఎవరో అమ్మాయి, వాళ్ల మేడ మీద కూర్చుని పాడిన ఆల్బమ్. మాకిద్దరికీ మలయాళం రాదు. "భాష తెల్వకుంటే మంచిది," అంది ఆపా. "తప్పులు దిద్దే పని ఉండదు."

నా తీర్పులు నావి. వాటిని ఆమె చాయ్ అయిపోయేదాకా ఓపికగా వినేది.

చిన్న ఆల్బమ్ మంచిది. మొదటి పాట మనల్ని మెప్పించాలని చూడకూడదు. తలుపు తీసి పక్కకు జరిగితే చాలు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినపడాలి. ఊపిరిని కత్తిరించి పారేసిన పాటను నేను నమ్మను. అది దండెం మీది చీర కాదు... దుకాణం బొమ్మకు కట్టిన చీర.

చివరి పాట ఏడిపించకూడదు. లేచి వెళ్లి దీపం తగ్గించి రావాలి. అంతే.

"అబ్బో," అనేది ఆపా. "నీకు పద్యాలు చెప్పి చెప్పి గిట్లయింది."

*

కొన్ని ఆల్బమ్‌ల దగ్గర మాత్రం తీర్పులు కుదిరేవి కావు.

ఉప్పుగాలిలో నాలుగో పాట. అది ఒంటరి పాట అన్నాను నేను. ఒక గొంతు, ఒక తీగ. ఇంకేమీ లేదు. అందుకే బాగుంది.

ఆపా గ్లాసు కింద పెట్టింది.

"ఒంటరెక్కడిది? ఎనక ఇంకో పిల్ల పాడుతలేదా? అసలు పాట ఆమెదే."

"వెనక ఎవరూ లేరు ఆపా."

"తెలుగు పంతులమ్మకు చెవులున్నయి గని వినుడు తెల్వదు."

"ఇంగ్లీషు పంతులమ్మకు లేనివి గూడ వినపడ్తయి."

చాయ్ బండి అతను నవ్వాడు. మేమూ నవ్వాం. కానీ ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం.

ఇంకొకటి — మేఘాలయ కొండల్లో ఎవరో ఒకతను, గిటారు పట్టుకుని పాడినది. మాట తక్కువ మనిషి. పొడిగా ఉంది, అదే దాని అందం అన్నాను.

"పొడిగనా? పాట మొత్తం వాన పడుతుంటె?"

"వానెక్కడిది ఆపా? బయట ఎండ కొడుతుండె."

"బయట కాదు, పాటల. రేకుల మీద పడుతుంది."

ఆమె ఎడమ చెవి కిటికీ వైపు. ఆ గాలే ఆమెకు వానలా వినపడిందేమో అనుకున్నాను. పెద్దదైంది కదా అనుకున్నాను. ఈ పిల్లకు పాట సగమే ఎక్కుతుంది అని ఆమె కూడా అనుకుని ఉంటుంది.

ఒకరి చెవిని ఒకరం మన్నించాం.

రోజూ మన్నించాం. రోజూ విన్నాం.

*

ఆ మాఘమాసంలో షాజియా తన మొదటి ఆల్బమ్ పెట్టింది.

పేరు — 'పాలు పొంగే లోపు'. ఎనిమిది పాటలు. కొన్ని తెలుగు, కొన్ని వాళ్ల ఇంటి భాష, కొన్ని రెండూ కలిసినవి.

ఆపా ఆ పొద్దున కొత్త చీర కట్టుకుంది. గద్వాల చీర. ఎందుకని అడిగితే, "ఊకెనే," అంది. సీట్లో కూర్చుని వైరు చిక్కు తీసింది. నా కొస నాకిచ్చింది. బిస్మిల్లా అంది. నేను పాట నొక్కాను.

పోయేటప్పుడు నాలుగు పాటలు.

వచ్చేటప్పుడు నాలుగు వినాలి.

బిజినేపల్లిలో దిగేటప్పుడు వైరు చుట్టి నా సంచిలో వేశాను. నియమం ప్రకారం ఏమీ అడగలేదు. ఆమె కూడా తీర్పు చెప్పలేదు. నడుస్తూ ఏదో కూనిరాగం తీసింది. గేటు దగ్గర పిల్లలు గుడ్ మార్నింగ్ అంటే రాగం ఆపకుండానే తల ఊపింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ, ఎడమ చెయ్యి గుంజుతుంది అంది. నీళ్లు తాగింది. కుర్చీలో కొంచెం వెనక్కి వాలింది.

బండి మాట్లాడి నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోయాం. దారంతా ఆమె తల నా భుజం మీదే ఉంది. బస్సులో ఉన్నట్టే.

దవాఖాన గేటు ముందే అయిపోయింది.

మర్నాడు గద్వాలకు పోయాను. ఆమె పుట్టింది అక్కడ. వాళ్లమ్మను పెట్టిన చోటే తననూ పెట్టమని ఎప్పుడో చెప్పి ఉంచిందట. బీచుపల్లి దగ్గర వంతెన మీద కృష్ణ గాలి బస్సులోకి కొట్టింది. రెండు చెవుల్లోనూ కొట్టింది.

మగవాళ్లు మట్టికి పోయారు. ఆడవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. షాజియా గోడకు ఆనుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఏదో అడగబోయి ఆగింది.

ఆమె చేతి మీద నా రెండో చెయ్యి వేశాను.

*

తర్వాత బస్సు ఒకటే మిగిలింది.

మొదటి రోజు యాదమ్మ అలవాటుగా రెండు టికెట్లు కొట్టింది. ఖాళీ సీటు చూసింది. ఒకటి నా చేతిలో పెట్టింది. రెండోది మడిచి తన జేబులో వేసుకుంది. తాడు మాట ఎత్తలేదు.

కిటికీ సీటులో ఎవరెవరో కూర్చునేవాళ్లు. దవాఖానకు పోయే గర్భిణి. పల్లికాయల సంచితో ఒక ముసలమ్మ. ఆమె గుప్పెడు కాయలు నా ఒళ్లో పోసి, తిను అంది. తిన్నాను.

సంచిలో వైరు అలాగే ఉంది. తియ్యలేదు.

రెండు చెవుల్లోనూ బస్సు.

*

పరీక్షల ముందు ఒక సోమవారం షాజియా వచ్చింది. బడిలో వాళ్లమ్మ సామాను తీసుకుపోవడానికి. టిఫిన్ డబ్బా, గొడుగు, కళ్లజోడు. పొద్దున బస్సులోనే నాతో ఎక్కింది. అడగకుండానే కిటికీ పక్కన కూర్చుంది. పక్క నుంచి చూస్తే ముక్కు ఆపాదే.

చాలాసేపు చేలు చూసింది. తర్వాత అడిగింది.

"ఆంటీ... ఆ దినం అమ్మీ నా పాటలు విన్నదా?"

"విన్నది బిడ్డా. పోయేటప్పుడు నాలుగు."

"ఏమన్నది?"

"ఏమీ అనలేదు. నియమం నీకు తెలుసు గదా."

తల ఊపింది. ఫోను తీసి నా ముందు పెట్టింది. ఆ మధ్యాహ్నం షాజియా రాసిన మాట ఉంది — విన్నవా అమ్మీ? దాని కింద ఆపా జవాబు.

సాయంత్రం చెప్త.

అంతే. దాని కింద ఏమీ లేదు.

"మూడో పాటల అమ్మీ ఉన్నది ఆంటీ," అంది షాజియా. "అమ్మీకి తెల్వకుండ పెట్టిన. పోయిన రంజాన్‌ల ఇంటికొచ్చినప్పుడు వంటింటి గూట్ల ఫోను పెట్టి పోయిన. చప్పుళ్లు రికార్డు చేద్దామని. అండ్ల అమ్మీ పాలతోని మాట్లాడుతుంది. పొంగొస్తుంటె, ఆగు జర ఆగు అంటది గదా... గది. విని గుర్తుపడ్తదా లేదా చూద్దామనుకున్న. గొంతు గుర్తువట్టి ఫోన్ల తిడ్తది, నవ్వుతది అనుకున్న."

ఆగింది.

"తన గొంతు విన్నదో, వినకనే పోయిందో. గంతే ఆంటీ. గదొక్కటి తెలిస్తె చాలు నాకు."

నేను మూడో పాటను తలుచుకున్నాను. షాజియా గొంతు. చాటలో బియ్యం చెరిగే చప్పుడు, తాళంలా. ఒక సన్నని తీగ. మధ్యలో పాట ఆగిన చోట... మౌనం. మంచి మౌనం అని అప్పుడు మనసులో మార్కులు కూడా వేశాను.

ఆపా గొంతు లేదు.

లేనిది ఉందని చెప్పడం నాకు రాదు. చెబితే ఆ పిల్ల నమ్ముతుంది. అందుకే చెప్పకూడదు.

"నేను గూడ ఆ పాట విన్న బిడ్డా," అన్నాను. "నాకు వినపడలే."

షాజియా ముఖం కిటికీ వైపు తిరిగింది.

"చిన్నగ పెట్టిన. మరీ చిన్నగైనట్టుంది. పక్కనున్న నీకే వినపడకుంటె అమ్మీకేం వినపడ్తది."

బయట చేలు ఖాళీగా ఉన్నాయి. ఎండు మన్ను.

ఏం చెయ్యాలో తెలియక సంచిలో చెయ్యి పెట్టాను. వైరు తగిలింది. తీశాను.

"ఇది మీ అమ్మది. నా దగ్గరే ఉండిపోయింది."

షాజియా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఒక కొస. రెండో కొస. ఆమె కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"దీన్ని ఇద్దరు పెట్టుకుందురా? చెరొకటి?"

"అవును."

"ఎప్పుడు గట్లనేనా?"

"ఎప్పుడూ."

"నీకు ఎడమది. అమ్మీకి కుడిది."

"అవును బిడ్డా. ఏమైంది?"

ముందు కళ్లు నవ్వాయి. తర్వాత నోరు నవ్వింది. తర్వాత మనిషంతా నవ్వింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"అయ్యో ఆంటీ... రెండిట్ల ఒక్కటే రాదు!"

నాకు అర్థం కాలేదు.

"కొన్ని చప్పుళ్లు ఎడమ దిక్కు పెడ్తం, కొన్ని కుడి దిక్కు పెడ్తం. ఇంట్ల సామాన్లు సర్దినట్టు. అందరు గట్లనే చేస్తరు. ఇన్నేండ్లు మీరిద్దరు సగం సగం విని కొట్లాడిండ్రా?"

ఒక ట్యాంకుకు రెండు నల్లాలు అనుకున్నాను. ఏ నల్లా తిప్పినా అవే నీళ్లు అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు. ఆపాకూ తోచలేదు. ఇద్దరం చదువు చెప్పేవాళ్లమే.

"అమ్మీని నేను కుడి దిక్కు పెట్టిన," అంది షాజియా.

రెండు కొసలూ నా రెండు చెవుల్లో తనే పెట్టింది.

బస్సు పోయింది.

మొదటిసారి... బస్సు లేదు. కండక్టరు లేదు. పిల్లల ఏడుపు లేదు. నా తల లోపల ఒక గది తెరుచుకుంది. దానికి రెండు గోడలున్నాయి. ఎడమ గోడ నాకు తెలుసు. చాట అక్కడే ఉంది. తీగ అక్కడే ఉంది. కుడి గోడ దగ్గర స్టవ్వు మంట సన్నగా వినపడింది. గాజులు కదిలాయి. గరిటె గిన్నె అంచుకు తగిలింది.

పాట ఆగిన చోటికి వచ్చింది. నేను మార్కులు వేసిన మౌనం దగ్గరికి.

కుడి చెవిలో —

"ఠైర్... జర ఠైర్..."

ఆగు. జర ఆగు.

పాలతో అంటుంది. బతిమాలుతున్నట్టు. పిల్లలు బెంచీల మీద లేస్తుంటే అన్నట్టు.

"ఠైర్..."

అక్కడ చప్పుడు తెగిపోయింది. షాజియా పాట మళ్లీ అందుకుంది.

నేను కళ్లు తెరవలేదు. ఎందుకంటే ఆ చోటు నాకు గుర్తొచ్చింది. ఆ పొద్దున, సరిగ్గా ఆ మౌనం దగ్గర, ఆపా కిటికీ నుంచి చటుక్కున తిరిగింది. నా మణికట్టు పట్టుకుంది. కళ్లు ఇంత చేసి, విన్నవా అన్నట్టు చూసింది. పాట బాగుందా అని అడుగుతోంది అనుకున్నాను. తల ఊపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది. బిడ్డ పాట విని తల్లికి ఆనందం, ఉండదా అనుకున్నాను.

ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి ఒక మాట అంది.

"పొంగలే శైలూ. టైముకు బంద్ చేసిన."

ఇంటి దగ్గర గ్యాసు సంగతి అనుకున్నాను. మంచిగైంది ఆపా, అన్నాను.

వైరు తీసేశాను. షాజియాకు అంతా చెప్పాను. ఒక్క మాట కలపలేదు. ఒక్క మాట తియ్యలేదు.

ఆమె నా వైపు తిరిగింది.

"పొంగలే అన్నదా?"

"పొంగలే, టైముకు బంద్ చేసిన అన్నది."

"ఆడికే రికార్డు ఆగిపోయింది ఆంటీ. ఫోన్ల చార్జింగ్ లేకుండె. పొంగిందో లేదో నాకు గూడ తెల్వదు. అమ్మీకొక్కదానికే తెలుసు..."

ఆమె తల నా భుజం మీదికి వచ్చింది. నా భుజానికి ఆ బరువు తెలుసు.

యాదమ్మ టికెట్ల కోసం వచ్చింది. మమ్మల్ని చూసింది. మా మధ్య వైరును చూసింది.

"మళ్ల ఒక్క తాడుకేనా?" అంది. రెండు టికెట్లు కొట్టి, రెండూ మాకే ఇచ్చింది.

*

ఆ సాయంత్రం షాజియా హైదరాబాదు బస్సు ఎక్కింది. వైరు తీసుకుపోలేదు.

"నీ దగ్గరనే ఉండనియ్ ఆంటీ. రెండో సగం విని చెప్పు. నన్ను మెచ్చుకోవాలని చెప్పకు. అమ్మీ లెక్క చెప్పు — ప్రోగ్రెస్ కార్డుల రాసినట్టు."

సరే అన్నాను.

ఎండాకాలం సెలవులు అయిపోయాయి. బడి మళ్లీ తెరిచారు. ఇప్పుడు నేను కిటికీ సీటులో కూర్చుంటున్నాను. వైరులో కుడి కొస ఒక్కటే పెట్టుకుంటాను. ఎడమ కొస మెడ మీద వేలాడుతుంది. రెండూ పెట్టుకోవచ్చు, తెలుసు. కానీ నా సగం నేను విన్నాను. వినవలసింది ఆమె సగం.

పాత ఆల్బమ్‌లన్నీ మొదటి నుంచి వింటున్నాను. వరుసలో. దాటెయ్యకుండా.

ఉప్పుగాలి, నాలుగో పాట. వెనక ఇంకో అమ్మాయి ఉంది. ముందున్న గొంతు కంటే మెత్తగా, అర అడుగు వెనక నడుస్తూ ఉంది. అసలు పాట ఆమెదే.

కొరియా అమ్మాయిల పాటల్లో కుడి వైపు చప్పట్లు ఉన్నాయి. కొంచెం గరుకుగా. చేతులతో కొట్టినవే. ఆ గరుకు అప్పుడే వినపడి ఉంటే నేను స్టీలు గిన్నె అనేదాన్ని కాదు.

కొండల మనిషి పాటలో వాన ఉంది ఆపా. రేకుల మీద పడుతోంది. పాట మొత్తం పడుతోంది.

నగరపు కుర్రాళ్లు కుడి వైపు కూడా పగలగొడుతూనే ఉన్నారు. తల్లిదండ్రులు వచ్చి కలవవలసిందే. ఆ తీర్పు మార్చను.

నా అభిప్రాయాలు ఒక్కొక్కటే దిద్దుకుంటున్నాను. దిద్దడం నాకు ఇష్టమైన పనే. పోగొట్టుకున్నది పోయింది — దాని గురించి ఎక్కువ చెప్పను. కానీ వినడానికి ఇంత మిగిలి ఉందని నాకు తెలియదు. ప్రతి పొద్దునా ఒక పాత పాటలో ఆమె కూర్చున్న వైపుకు వెళ్లి కూర్చుంటున్నాను. అక్కడ బాగుంది.

ఒక్కోసారి నవ్వు వస్తుంది. పక్క సీటువాళ్లు చూస్తారు. చూడనీ.

మూడో పాట రోజూ ఒకసారి వింటాను. పాట ఆగుతుంది. ఆగు, జర ఆగు అంటుంది. ఆగుతాను.

నిన్న వాన పడింది. చేలు దున్ని ఉన్నాయి. ఎర్రమన్ను మళ్లీ తడిసింది. ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ముందు నా ఒళ్లోకి.

విన్నవా ఆంటీ? అని షాజియా అడుగుతూ ఉంటుంది.

సాయంత్రం చెప్త, అని రాస్తాను.

సాయంత్రం అవుతుంది. అదే బస్సు. అదే కిటికీ. కొండల మీద ఎండ పసుపుగా దిగుతుంది. ఫోను చేతిలో పట్టుకుంటాను. అయిదో పాట పేరు కనిపిస్తుంది. వేలు దాని మీదికి పోతుంది, ఆగుతుంది... వేరే ఆల్బమ్ మీదికి పోతుంది.

కుడి చెవిలో పాట. ఎడమ చెవిలో గాలి.

షాజియా ఆల్బమ్‌లో రెండో సగం నేను ఇంకా వినలేదు.